నర్సమ్మ గుమ్మంలో ఎలుకలు

అక్కా,

మీ గడప తొక్కాలంటే రోతపుట్టి ఉత్తరం రాస్తున్నాను.

మా ఎదురింటి నర్సమ్మ గుమ్మంలో వారం నుంచి ఎవరో చచ్చిన ఎలుకల్ని మూటగట్టి పడేస్తున్నారు. ఆమె హడలిపోయి ఇల్లు ఖాళీ చేస్తానంది. నిన్న ముక్కు మూసుకుని మూట విప్పాను. పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఆ గుడ్డ ఓ చొక్కా ముక్క. దానికున్న చాటుజేబు, మీ ఆయన అడిగితే నేను కుట్టిందే.

వెళ్లి నిలదీస్తే, "ఒంటరిది కదా అని పలకరిస్తే మొహమ్మీదే తలుపేసింది. ఆ పొగరు దించొద్దూ?" అని పళ్లికిలించాడు. బావగారూ అని పిలిచిన నోరు పుక్కిలించుకున్నాను.

నర్సమ్మకి పేరు చెప్పేశాను. ఆదివారం వీధివాళ్లందరి ముందూ అడుగుతుంది. పక్కన నేనుంటాను. నువ్వూ రా. రాకపోతే మానె, ఆయన తరఫున మాత్రం నాకు సర్దిచెప్పకు.

నీ చెల్లెలు