అభిరామ్ మంచుకొండ, నా మౌనం

ఫిబ్రవరి 3, 2007
ఇది రాయొద్దనే అనుకున్నాను. రాయడమూ చెప్పడమే కదా. కానీ ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం అరగదు.

సింగపూర్ యీషున్‌లో మా ఫ్లాట్‌లో గది అద్దెకుంటున్న అభిరామ్, వన్-నార్త్ ఐటీ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడు, జపాన్ వెళ్తున్నాడు. లిఫ్టులూ కంచెలూ లేని మంచుకొండ నడిచి ఎక్కి, పలక మీద నిలబడి కిందికి జారతాడట.

"మంచు విరిగి మీద పడితే?"

"ఛాతీకి సిగ్నల్ డబ్బా ఉంటుంది అంకుల్. ఫ్రెండ్స్ తవ్వి తీస్తారు. పదకొండో తారీకు ఆదివారం చీకటిపడేలోపు నా ఫోన్ రాకపోతే ఈ రెస్క్యూ నంబరుకు చెప్పండి. ఆంటీకి మాత్రం వద్దు. కాకినాడలో మా అమ్మకు చేరిపోద్ది."

తీర్మానం: నోరు విప్పను.

ఫిబ్రవరి 4
దివ్యంగా ఉంది. రోజంతా మౌనం. నేను పనిచేసిన షిప్‌యార్డులో ఓడ ట్యాంకులోకి మనిషి దిగితే, పైన ఒకడు కదలకుండా కాపలా ఉండాలి. ఆ పని చాలాసార్లు చేశాను. ఒకసారి లోపలివాడు హాయిగా నిద్రపోయి... అది వేరే కథ.

"ఒంట్లో బాలేదా?" అంది నా భార్య భానుమతి.

ఫిబ్రవరి 6
భార్యకు చెప్పనన్నాను. స్నేహితుడు సుధాకరరావుకు చెప్పననలేదు. తిండి దుకాణాల హాకర్ సెంటర్లో రుమాలు వేసి బల్ల చోప్ చేసుకున్నాక ఊరికే కూర్చోలేం. పేరు బయటపెట్టలేదు. "ఒక కుర్రాడు" అన్నాను.

"మీ ఇంట్లో ఉండేవాడేనా?" అన్నాడు.

ఫిబ్రవరి 10
అభిరామ్ నిన్న వెళ్లాడు. భానుమతి బెండకాయలు తరుగుతూ, "ఆ కొండ ఎంతెత్తు?" అంది. సుధాకరరావు భార్య చెప్పిందట. సగం తెలిస్తే మరీ కంగారని మిగతా సగం నేనే చెప్పాను.

ఫిబ్రవరి 11
సాయంత్రం టీ తాగుతున్నాం. ఫోన్ రాలేదు.

"ఇంకా ఎండ కాస్తోంది. చీకటిపడేలోపు అన్నాడుగా" అన్నాను.

"ఎండ ఇక్కడండీ. అక్కడ చలికాలం. ఈపాటికి చీకటిపడి ఉండదూ?"

నంబరు చీటీ వెతికి రిసీవర్ ఎత్తాను. రిసీవర్ లాక్కుని నంబరు తనే నొక్కింది. "మై బాయ్ మౌంటెన్. నాట్ కమ్ డౌన్. యూ గో."

అర్ధరాత్రికి కబురొచ్చింది. మంచు విరిగిపడి ఒకడి కాలు విరిగిందట. మోసుకుని దిగలేక గొయ్యి తవ్వుకుని అందులో కూర్చున్నారట. తుఫాను ముదిరేలోపు రెస్క్యూ వాళ్లు చేరారు.

ఫిబ్రవరి 14
అభిరామ్ వచ్చాడు. మంచుకు ముక్కు చివర నల్లగా కమిలింది.

"అంకుల్, ఆంటీకి చెప్పనన్నారు కదా?"

"చెప్పబట్టే బతికావు."

"అమ్మకు మాత్రం ప్లీజ్."

సరే. రేపటి నుంచి మళ్లీ మౌనం. ఈసారి గట్టిగా.

అభిరామ్ తన ఫోన్‌లో అత్యవసర నంబరు మార్చుకున్నాడు. నాది తీసేసి భానుమతిది పెట్టాడు.