పిల్లలు లేరని రాసిన కాగితం

తాకేటా,
1988 జూన్

నా బంగారు బాలామణప్పకి,

మాండలేలో నువ్వూ, బావా, పిల్లలూ కులాసా అనుకుంటాను. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. పోయినేడు అయ్య ఇల్లు నా పేర రాసేడు కదా, నా మీద ప్రేమ కొద్దీ అనుకున్నాను. మొన్న వార్డు ఆఫీసు గుమాస్తా ఊ టున్ వచ్చి, "ఈ ముసలాయన నీకేమవుతారమ్మా?" అని అడిగేడు. అతని చేతిలో, సర్కారు వృద్ధాశ్రమానికి అయ్య పెట్టిన దరఖాస్తు ఉంది. సొంతిల్లు ఉండకూడదట. ఇల్లు వదులుకుని ఏడాది దాటాలట. చూసే పిల్లలు ఉండకూడదట. అయ్య అన్నీ ముందే ఆలోచించుకున్నాడప్పా. పిల్లల గడిలో "ఎవరూ లేరు" అని రాసేడు.

"మా అయ్య" అనేసేను. కూతురుందని తెలిసేక అతను దరఖాస్తు కొట్టేసేడు.

అతను వెళ్లేక అయ్య అరిచేడు. "ఏటి చేసేవే! రెండేళ్లలో మంచాన పడతానని డాక్టరు చెప్పలేదా? మిల్లు పని మానేసి నా పక్కబట్టలు మారుస్తావా? నీ బతుకు నా మంచం కాడ ఆగిపోవాలా?"

"ఆగిపోనీ. మేం లేమని రాయడానికి నీకు మనసెలా వచ్చింది?"

ఆయన గోడవైపు తిరిగిపోయేడు.

నీ చెల్లెలు,
పద్మిని

తాకేటా,
1988 అక్టోబరు

అప్పా,

టపా నడవట్లేదు. లారీ తోలే బుల్లియ్య చేతికి ఇది ఇస్తున్నాను.

ఆగస్టులో సర్కారు దిగిపోవాలని ఊరంతా వీధుల్లోకి వచ్చేసింది. మిల్లు మూసేరు, ఆఫీసులు మూసేరు. ఆ వారమే అయ్య నీళ్ల తొట్టి కాడ జారిపడి మంచం పట్టేడు. ఎవరినైనా పిలుద్దామంటే సర్కారే లేదు. బయటివాళ్లు చొరబడకుండా మా వీధి రెండు కొసలా వెదురు కంచెలు కట్టి జనం కాపలా కాసేరు. ఆ జనమే, అప్పా, వంతులేసుకుని మనింటికి వచ్చేరు! ఎదురింటి డా ఖిన్ పొద్దున్నే గంజి తెచ్చేది. అవతల తుపాకులు పేలుతుంటే, ఇవతల నలుగురు దుప్పటి చెంగులు పట్టుకుని, పుండ్లు పడకుండా అయ్యని మెల్లగా పక్కకి తిప్పేవారు. ఆ నలుగురిలో ఒకడు ఊ టున్! నేను గుమ్మంలో నిలబడి చూసేను. ఇంతమంది ఇన్నాళ్లూ ఎక్కడున్నారు? గోడ అవతలే. మనుషులు ఇంత పెద్దవాళ్లని నాకెవరూ చెప్పలేదప్పా.

సెప్టెంబర్లో సైన్యం వచ్చి కంచెలు పీకించింది. వంతులకి వచ్చేవాళ్లలో ఇద్దరు మళ్లీ కనబడలేదు. ఎక్కడని అడగకూడదు. మిగిలినవాళ్లు రోజూ కర్ఫ్యూ ఎత్తగానే వస్తున్నారు.

నిన్న ఊ టున్ కొత్త దరఖాస్తు తెచ్చేడు. "ఆఫీసు తెరిచేరు. ఈసారి పిల్లల గడిలో మీరేం చెబితే అదే రాసుకుంటాను," అన్నాడు.

దాచనప్పా, అలిసిపోయేను. "నీ ఇష్టం అయ్యా," అన్నాను.

అయ్య పిల్లల గడి మీద వేలు పెట్టేడు.

"ఇది మరీ చిన్నగుంది బాబూ. ఇంత వీధి ఇందులో ఎలా పడతాది?"

ఊ టున్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, దుప్పటి చెంగు అందుకున్నాడు. రెండోది నేను పట్టుకున్నాను.

అయ్య దగ్గరే ఉన్న నీ
పద్మిని