ఒకే ఎరుపు అని చెప్పాను

గద్వాల, ఆగస్టు 2008

ఈరోజు పెద్దమ్మ ముఖంలోకి సరిగా చూడలేకపోయాను.

వేసవిలో ఆమె, తన పట్టుకు రంగులద్దే రాజన్నతో గొడవపడింది. చీర అంచు పట్టుకు పాత రంగు మాని వేరే రంగు వేస్తున్నాడని. "చెయ్యి పెడితె నాకు తెల్వదా?" అంది. నేను పాత పోగూ కొత్త పోగూ నేను పనిచేసే హైదరాబాద్ ల్యాబ్‌కు పట్టుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టాను. దాని లేజర్ వెలుగు తగిలితే రెండూ ఒకే ఎరుపులో మెరిశాయి. "రెండూ ఒకటే రంగు" అని ఫోన్లో గొప్పగా చెప్పేశాను. నా మాట నమ్మి పెద్దమ్మ నలుగురి ముందూ రాజన్నకు తప్పయిందని చెప్పింది.

లేజర్ ఆగాక ఆ మెరుపు ఎంతసేపట్లో ఆరిపోతుందో కూడా ఆ మిషన్ అప్పుడే కొలిచింది. ఆ ఫైలు నేను తెరవనే లేదు. పోయిన వారం తెరిచాను. పాత పోగు మెరుపు నెమ్మదిగా ఆరింది, కొత్తదానిది చటుక్కున పోయింది. ఒకే రంగైతే రెండూ ఒకేలా ఆరాలి. రంగులు వేరు. పెద్దమ్మ వేళ్లు చెప్పిందే నిజం.

మధ్యాహ్నం ఆమె మగ్గం దగ్గర కూర్చుని అంతా చెప్పాను.

"రెండు లెక్కలుంటె ఒక్కటే ఎందుకు చూసినవ్?"

తొందరపడ్డానన్నాను. అదీ అబద్ధమే. ఆమె కంటే నాకు ఎక్కువ తెలుసని చూపించుకోవాలనుకున్నాను...

పెద్దమ్మ కోప్పడలేదు. "నేను నల్గురిల తప్పొప్పుకున్న. నువ్వేమొ తలుపేసి చెప్తున్నవ్ బిడ్డా" అంది.

తలుపు ఎప్పుడు వేశానో నాకే గుర్తులేదు. తిరిగి చూస్తే గడియ కూడా పెట్టి ఉంది.