నీ పడవలో నేను తెంపిన గాలం

ప్రసాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బతికుండగా ఎన్నిసార్లు పిలిచినా, బూర్జువా సరదా అని తిట్టి నీ పడవ ఎక్కలేదు నేను. మీ అమ్మాయి సుధ అడిగితే కాదనలేక ఈరోజు ఎక్కాను.

ఒంటారియో సరస్సు మీద మోటారు మెల్లగా నడుపుతూ, వెనకాల గాలం లాగుతూ కూర్చుంది. పదిహేనేళ్లకే ఎంత ఓపికో! నేను మాత్రం ఫ్యాక్టరీలు ఈ నీళ్లలో ఏ విషం కలిపాయో కరపత్రం తీసి చదువుతూనే ఉన్నాను.

ఇంతలో పెద్ద సాల్మన్ చేప పడింది. చాలాసేపు పెనుగులాడి, దాన్ని పడవ పక్కకి తెచ్చింది.

"అంకుల్, నెట్! క్విక్!"

నేను చాకు తీసి గాలం దారం కోసేశాను.

"మీ అమ్మకి విషం వండిపెడతావా?" అని అరిచాను కూడా.

సుధ ఏడవలేదు. "మేం తినం అంకుల్. నాన్న హుక్ తీసేసి, నీళ్లలో వదిలేసేవాడు. ఇప్పుడది నోట్లో హుక్‌తో చచ్చిపోతుంది."

ఒడ్డు చేరాక పడవ కట్టబోయాను. "వద్దంకుల్, ముట్టుకోకండి," అంది.

అన్నేళ్లలో నువ్వూ ఒక్కసారైనా నన్నలా కసిరి ఉండాల్సిందన్నా.