ఎనభై నాలుగు కిలోల మొక్కు

కాగజ్‌నగర్

మేనల్లుడు రంజిత్‌ను నీ మేనత్త ఐలవ్వ దీవించి రాసేది.

మేమంత మంచిగున్నం. ఫోన్ చేద్దమంటే, క్యాన్సర్ మందు ఎక్కిచ్చిన కాడికెల్లి నీ చెవుల్ల మోతనాయె. నేను మొత్తుకునుడు వాడకట్టంత ఇంటది, నువ్వు తప్ప. గందుకే రాస్తున్న.

మాఘమాసంల మేడారం జాతర. ఎనిమిదేండ్ల కింద నువ్వు దవఖాన మంచంల పడ్డనాడు, పిలగాడు బతికితే వాని ఎత్తు బంగారం ఇస్తనని సమ్మక్క సారలమ్మ తల్లులకు మొక్కిన. అంటే నీ బరువంత బెల్లం. మొన్న దసరాకు మా కిరాణం కాంట మీద ఎనభై నాలుగు కిలోలు తూగినవ్. గంత బెల్లం చెప్పిపెట్టిన. ఇగ జాతర దాక ఒక్క గ్రాము గూడ తగ్గద్దు. బస్సు డ్రైవర్ సాంబయ్యకు, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల డబ్బా ఇచ్చి పంపుతున్న.

ఇట్లు,
నీ అత్త ఐలవ్వ

తా.క. మూత పైలంగ తియ్యి. నెయ్యి అంగి మీద పడ్తది.


కరీంనగర్

అత్తమ్మకు రంజిత్ నమస్కారాలు.

డబ్బా మా బస్సు డిపోకు చేరింది. కిందటి నెల దవాఖానకు వెళ్లి పరీక్షలన్నీ చేయించుకున్నాను. వృషణం క్యాన్సర్ మళ్లీ ఎక్కడా కనిపించలేదని డాక్టర్ పద్మలత గారు చెప్పారు. కాని ఆ మందులు పడ్డ ఒంటికి ఎన్నేళ్ల తర్వాతైనా బీపీ, షుగర్, గుండెజబ్బు వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువట. చెవుల్లో మోత కూడా ఆ మందు పుణ్యమేనట. నాకు బీపీ, కొవ్వు రెండూ గీత దాటాయి. పది కిలోలు తగ్గి తీరాలన్నారు. రోజూ పొద్దున స్టేడియం చుట్టూ పరుగెత్తుతున్నాను, అప్పుడే నాలుగు కిలోలు పోయాయి. కాబట్టి బెల్లం తగ్గించి చెప్పండి.

ఉంటాను,
రంజిత్

తా.క. ఒకటి తీసేశారు కదా, మిగిలిన దాని సంగతి కూడా రక్తపరీక్షలో చూశారు. "ఒక్కటే అయినా రెండింటి పని చేస్తోంది" అన్నారు డాక్టరమ్మ. ఇన్నేళ్ల సర్వీసులో మా డిపో మేనేజర్ నన్ను ఒక్కసారైనా అలా మెచ్చుకోలేదు.


కాగజ్‌నగర్

రంజిత్‌కు అత్త దీవెన.

నీ ఉత్తరం సదివి కాలుచెయ్యి ఆడలే. నాలుగు కిలోలు పోయినయా? గప్పుడు గూడ గిట్లనే ప్యాంటు జారింది. బెల్టు కొన్నవ్, బెల్టు గూడ జారింది. గటెన్క గదా రోగం బయటపడ్డది! డాక్టరమ్మ నీకేదో దాస్తుంది బిడ్డా. సచ్చి బతికిన మనిషిని ఎవలన్న తగ్గుమంటరా? అండ్ల కాంట ఎక్కే ముంగట తగ్గుడంటే తల్లులకు దగా చేసుడే.

సాంబయ్య నిన్ను చూసిండట. "పొద్దుగాల్ల ఉరుకుతుండు, ఎనుక చూస్తే ఎవ్వలు లేరు" అన్నడు. ఎవ్వలు తరమకుంట మనిషి ఎందుకు ఉరుకుతడు?

నువ్వు ఫికర్ చెయ్యకు. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొట్టచ్చిన. చుట్టాలను పరేషాన్ చేసుడెందుకని ఎవ్వలకు చెప్పలే. మా వాడకట్టు లస్మవ్వకు ఒక్కదానికే చెప్పిన.

నీ అత్త,
ఐలవ్వ

తా.క. లస్మవ్వ నలభై మందికి చెప్పిందట. ఐతారం వస్తున్నరు. కోడలు రోజారాణిని చాయ్ పెట్టుమను.


కరీంనగర్

అత్తమ్మకు నమస్కారాలు.

నలభై కాదు, యాభై ముగ్గురు వచ్చారు. పెద్దపల్లి వాళ్లయితే వ్యాన్ మాట్లాడుకుని మరీ దిగారు. నేను స్టేడియం నుంచి ఇంటికొచ్చేసరికి చెప్పులు గేటు దాటి రోడ్డెక్కాయి. ఆ చెప్పులు చూసి పక్కింటాయన పూలదండ పట్టుకొచ్చాడు. నేను ఎదురుపడేసరికి ఏం చేయాలో తోచక దండ నా మెడలోనే వేశాడు. లస్మవ్వ నా వీపు నిమిరి "ఎట్లుండేటోనివి ఎట్లైనవ్ కొడుకా" అని ఏడుస్తుంటే, ఏమీ కాని నాకూ ఏడుపొచ్చింది. ఇంట్లో ఇప్పుడు పదహారు డజన్ల అరటిపండ్లు ఉన్నాయి.

అత్తమ్మా, రోగం తిరిగి రాలేదు. రిపోర్టు నకలు దీంతో పెడుతున్నాను. దాచింది డాక్టరమ్మ కాదు, నేను. ఏటా పరీక్షకు రమ్మంటే ఐదేళ్లుగా పోలేదు. మళ్లీ ఉందంటారేమోనని ఆ వీధిలోకి బండి కూడా తిప్పలేదు. ఈసారి రోజారాణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. భయపడ్డాను, అంతే.

మీరూ ఒక నిజం చెప్పండి. మొక్కి నాలుగు జాతరలు దాటాయి. ఒకసారి మోకాలు నొప్పన్నారు, ఒకసారి బెల్లం నల్లగుందన్నారు, మాఘమాసంలో వానొస్తుందన్నారు. నాలుగోసారి ఏ వంకా చెప్పలేదు. ఎందుకు తీర్చలేదు?

రంజిత్

తా.క. మీ డబ్బాలు నేను తినడం లేదు, క్షమించండి. ఎవరు తింటున్నారో సాంబయ్యను మాత్రం అడక్కండి.


కాగజ్‌నగర్

బంగారమసొంటి అల్లునికి అత్త రాసేది.

నీ రిపోర్టు దవఖాన నర్సమ్మతోని మూడుమాట్ల సదివిచ్చిన. నాలుగోమాటు సదువుమంటే ఆమె కాగితం పక్కకు పెట్టి నాకే బీపీ చూసింది. నాకు నీకంటె ఎక్కువున్నది.

అడిగినవ్ గనుక చెప్తున్న. నా మోకాలు నొయ్యలే, బెల్లం నల్లగ లే. నీ బరువు తూగాల్నంటె నువ్వు బతికుండాలె. మొక్కు ఉన్నన్ని దినాలు తల్లులు నిన్ను కాపాడక ఏం జేస్తరు? తీర్చినంక, మా పని అయిపాయె అని చెయ్యి ఇడిస్తే నేనేం గావాలె? గా భయంతోని నాలుగు జాతర్లు దాటేసిన. ఈసారి గూడ తీర్చే మనసు లేకుండె. గందుకే గ్రాము తగ్గద్దని షరతు పెట్టిన. నువ్వు జర తగ్గితే, "తూకం కుదరలే, వచ్చేసారి చూద్దం" అందామనుకున్న. నువ్వు దవఖానకు భయపడ్డవ్, నేను కాంటకు భయపడ్డ. మనమిద్దరం ఒక్క ఇంటోళ్లమే.

ఇగ చాలు. ఎంత తూగితే గంతే ఇద్దం. నువ్వు ఏటేటా డాక్టరమ్మకు మొఖం చూపెట్టు, నేను రోజు బీపీ గోలి మింగుత.

ఇట్లు,
నీ బాగు కోరే అత్త ఐలవ్వ

తా.క. నీ కిలోలు యాడికి పోయినయో ఎరికైంది. సాంబయ్యకు పొట్ట స్టీరింగుకు తాకుతుందని సీటు ఎనుకకు జరిపిచ్చుకున్నడు. రేపటిసంది ఆయన్ను గూడ ఉరికియ్యి. ఎనుక ఐలవ్వ తరుముతుందని చెప్పు.

ఇంకో తా.క. తల్లులు ఖాళీగుండద్దని కొత్త మొక్కు మొక్కిన. నీకు డెబ్బై ఏండ్లు నిండినంక మళ్ల ఎత్తు బంగారం. గప్పటికి నాకు నూటనాలుగు. నేను కాంట కాడనే నిలవడి ఉంట, నువ్వు జర టైముకు రా.