పత్తి మందు డబ్బా

తరిగొప్పుల, ఆదివారం రాత్రి

పురుగుమందుల గురించి తెలుసుకుందామని ఈరోజు ఊరంతా బడిలో కూర్చున్నాం. ఖాళీ మందు డబ్బాలు తెమ్మంటే, రోజూ బాపుకు చేనుకు నీళ్లు పంపే తెల్ల డబ్బానే అమ్మ తెచ్చింది. దానిమీది సన్నటి అక్షరాలు నన్ను చదవమన్నారు. సంబరంగా గొంతెత్తి చదివాను: "ఖాళీ డబ్బాను పగలగొట్టి పాతిపెట్టాలి. మరి దేనికీ వాడరాదు."

"గిండ్లనే నీళ్లు తాగుతున్నరా, వదినె?" అన్నది పక్కింటి లచ్చత్త.

"బూడిదేసి మస్తు కడిగినం గదనే," అన్నది అమ్మ, తల దించుకుని.

నిరుడు ఆ డబ్బాను గట్టిగా ఉందని దాచి, కడిగి, మొదటిసారి నీళ్లు నింపింది నేను. అమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బాపు ఇవాళ కూడా కడుపు పట్టుకుని పడుకున్నాడు.

అప్పుడూ ఆ అక్షరాలు దానిమీదే ఉన్నాయి.