లెక్కల పరీక్షకు ముందు ఆదివారం

కరుణా, నా తల్లీ,

రేపే పదో తరగతి లెక్కల పరీక్ష. నువ్వుంటే రాసేదానివి. ఈ రోజు చర్చిలో పరీక్ష రాసే పిల్లల పెన్నులన్నీ బల్ల మీద పెట్టించి, అయ్యగారు ప్రార్థన చేశారు. "తల్లిదండ్రులు లేచి మీ పిల్లల తలల మీద చేతులు పెట్టండి" అన్నారు. నేను లేవలేదు. చేతులు కొంగులో పెట్టుకుని కూచున్నాను.

అప్పుడు నీ జతగత్తె సలోమి వాళ్ళమ్మను వదిలి వచ్చి నా ముందు మోకరించింది.

"పెద్దమ్మా, కరుణ నేర్పిచ్చిన లెక్కలు తప్ప నాకేమీ రావు. నువ్వే చెయ్యి పెట్టల్ల" అనింది.

నేను వాళ్ళమ్మ వైపు చూశాను.

"పెట్టక్కా. నేను పెడితే దానికి వచ్చిన ఒకట్రెండు కూడా పోతాయి" అనింది ఆమె, కళ్ళు తుడుచుకుంటా.

పెట్టాను. నూనె రాసి బిగించి జడ వేసుకుంది, నీ మాదిరే. తల వెచ్చగా ఉంది.

మంచి మార్కులు రావాలని అయ్యగారు అడిగితే అందరూ ఆమేన్ అన్నారు. నాకు ఆ మాట నోట రాలేదు. పరీక్షకు పోవాలన్నా సిమెంటు లారీలు తిరిగే ఆ రోడ్డే దాటాలి. ట్యూషన్ నుంచి వస్తూ నువ్వు దాటలేకపోయిన రోడ్డు.

"ప్రభువా, లెక్కలు రాకపోయినా పర్వాలేదు, ఈ బిడ్డను ఇంటికి పంపు" అని మాత్రం అడిగాను.

రేపు నేనే సలోమి చెయ్యి పట్టుకుని దాటిస్తాను. పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గరే కూచుంటాను. మళ్ళీ దాటించి, వాళ్ళమ్మకు అప్పజెప్పి, మన ఇంటికి నేనొక్కదాన్నే వస్తాను.

మీ అమ్మ